బుజ్జి పేరు మీద

ఆఫీసు మెట్లెక్కుతుండగానే బుజ్జికి ఫోన్లో తిట్లు మొదలయ్యాయి. తిడుతున్నది డయాలసిస్ కేంద్రం హెడ్ నర్సు. ఆ కేంద్రం వెబ్‌సైటును చూసుకునేది బుజ్జి.

"సైటు తెరిస్తే తెల్లగా ఉందమ్మా, ఒక్క అక్షరం లేదు! ఎవరి వంతు ఎప్పుడో అందులోనే కదా ఉండేది? నాకున్నవి పన్నెండు కుర్చీలు. గుమ్మంలో ముప్ఫై మంది నిలబడి నాదే ముందంటే నాదే ముందంటున్నారు. పొద్దున్నే దాన్ని కెలకమని మీకెవరు చెప్పారు?"

"నేను ముట్టుకోలేదు మేడమ్, ఇప్పుడే వస్తు..."

"మీరే చేశారని మీ ఓనరుగారు చెప్పారు. ఇంకా బుకాయింపెందుకు? ఇది బాగయ్యాక మా సైటు మీ చేతికివ్వను." ఠపీమని ఫోను పెట్టేసింది.

ఓనరంటే పరాయివాడు కాదు, స్వయానా అక్క మొగుడు. ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చినా అక్క పెట్టిన బుజ్జి అన్న ముద్దుపేరు ఆమెను వదల్లేదు. బావ పుణ్యమా అని ఆఫీసులో కూడా బుజ్జిగారే అయి కూర్చుంది. పదేళ్లలో ఆమె చేతి మీద ఒక్క సైటూ పడిపోలేదు. ఆ మంచిపేరు తప్ప ఆమె ఇక్కడ వెనకేసుకున్నదేమీ లేదు. అది కాస్తా ఇవాళ పొద్దున బావ నోట్లోంచి వచ్చిన ఒక్క మాటతో పోయింది.

"ఏం బావా, నేను చేశానని చెప్పారట?"

అద్దాల గదిలో బావ ఫోన్లోంచి తలెత్తలేదు. "ఎవరు చేస్తే ఏంటిప్పుడు? ముందు బాగుచెయ్. తర్వాత మాట్లాడుకుందాం."

బుజ్జి కూర్చుని సర్వర్ చిట్టా తెరిచింది. ఏడూ నలభైకి అప్‌డేట్ జరిగింది. సైటు నడిపే సాఫ్ట్‌వేర్ కొత్తదైపోయింది. వంతులు చూసుకోడానికి సైటుకు తగిలించిన పాత ప్లగిన్‌కు ఆ కొత్తదానితో పొసగలేదు. అంతా కలిసి కూలబడ్డాయి. చేసినవారు అన్నచోట బుజ్జి పేరుంది. ఏడూ నలభైకి ఆమె ఇంట్లో తడిబట్టలు ఆరేస్తోంది.

ఆ ఆఫీసులో ఉన్నదే ఒక్క నియమం, అదీ బుజ్జి పెట్టిందే. ఏ అప్‌డేటైనా ముందు నకలు సైటు మీద వేసి చూడాలి. అది బతికి బట్టకడితేనే అసలు సైటు జోలికి పోవాలి. కానీ బావకు ఎర్ర చుక్కల జబ్బు. తెర మీద ఏ మూలనైనా ఎర్ర చుక్కలో అంకె కనిపిస్తే అది పోయేదాకా ఆయనకు ముద్ద దిగదు. పోయినేడాది ఇలాగే నొక్కి నొక్కి రెండు సైట్లను పడుకోబెట్టాడు. అప్పుడే బుజ్జి ఆయన అనుమతులన్నీ పీకేసింది. అందుకని ఈసారి ఆమె పేరుతో దూరాడు.

దూరాలంటే పాస్‌వర్డ్ కావాలి. నాన్న అమ్మను పిలిచే పేరు, దాని పక్కన నాన్న సైకిల్ తాళం అంకెలు. బుజ్జి కాక అది తెలిసిన మనిషి ఈ భూమ్మీద అక్క ఒక్కతే. అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి వెళ్లి బావ ఫోను కిటికీలోంచి గిరాటెయ్యాలనిపించింది. కానీ అక్కడ కేంద్రం గుమ్మంలో ముప్ఫై మంది ఉన్నారు.

ముందు వంతుల జాబితాను సర్వర్ లోపలినుంచి బయటికి లాగి నర్సు ఫోనుకు పంపింది. తర్వాత ప్లగిన్‌ను పక్కన పడేస్తే సైటుకు ప్రాణమొచ్చింది గానీ వంతుల పేజీ ఖాళీగా నవ్వింది. ఇక సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి తేవాల్సిందే.

బావ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. "రాత్రి బ్యాకప్ ఉందిగా, మొత్తం అది వేసి పారెయ్. పది నిమిషాల పని."

"అది పన్నెండుకు తీసింది. ఆ తర్వాత సైటు పడేలోపు పదకొండు మంది వంతులు తీసుకున్నారు. పాతది వేస్తే వాళ్లు చెరిగిపోతారు."

"పదకొండు మందేగా, మళ్లీ తీసుకుంటారు."

"వాళ్లు తీసుకున్నవి సినిమా టికెట్లు కాదు బావా! ఒంట్లో విషం కడిగించుకోడానికి వస్తున్నారు. తప్పుకోండి, వెలుతురుకి అడ్డం."

పాత సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి తెచ్చి ప్లగిన్‌ను మళ్లీ తగిలించింది. కొత్తది పట్టికల రూపు కూడా మార్చిపోయింది గనుక రాత్రి బ్యాకప్‌లోని పాత పట్టికను తీసుకుని, అందులో లేని ఆ పదకొండు పేర్లనూ ఒక్కొక్కటే చేత్తో ఎక్కించింది. పేరు, వేళ, కుర్చీ, రక్తం గ్రూపు. ప్రతిదీ రెండేసిసార్లు చూసుకుంది. పళ్లు కొరుకుతూనే ఉంది, వేళ్లు మాత్రం తడబడలేదు. పదకొండున్నరకు వంతుల పేజీ నిండుగా తెరుచుకుంది.

అప్పుడే అక్క భోజనం క్యారియర్‌తో వచ్చింది. రోజూ వచ్చే వేళ అదే.

"అక్కా, నా పాస్‌వర్డ్ ఈయనకి చెప్పింది నువ్వే కదూ?"

"పొద్దున్నే ప్రాణం తీశారే. ఏదో ఎర్రగా కనిపిస్తోంది, చిరాగ్గా ఉందన్నారు. మనవాళ్లకే కదా అని చెప్పాను."

"సరే, చెప్పావు. మరి నర్సుకి నా పేరెందుకు చెప్పారు?"

బావ క్యారియర్ మూత తీయడంలో పడ్డాడు. జవాబు అక్కే ఇచ్చింది. "ఓనరే పాడుచేశాడంటే ఆఫీసు పరువేం కావాలే? ఇంకెవరి పేరన్నా చెబితే వాళ్లు ఊరుకుంటారా, మానేసి పోరూ? నువ్వంటే ఇంట్లో పిల్లవి, ఎక్కడికి పోతావు? అందుకే నీ పేరు చెప్పమని నేనే అన్నాను."

బుజ్జి పొద్దున్నుంచీ బావనే తిట్టుకుంది. ఆ కోపం ఎంత చిన్నదో ఇప్పుడు తెలిసింది. నర్సుకు ఫోను కలిపి, గదంతా వినపడేలా బల్ల మీద పెట్టింది.

"మేడమ్, సైటు బాగైంది. తెల్లారుజామున వంతులు తీసుకున్న పదకొండు మందీ ఉన్నారు, చూసుకోండి. ఇంకో మాట. నా పేరుతో దూరి అప్‌డేట్ నొక్కింది మా బావ. పాస్‌వర్డ్ అందించింది మా అక్క. నేను చేశానని చెప్పమన్నదీ మా అక్కే. అక్కకి తెలిసేలా పాస్‌వర్డ్ పెట్టుకున్నది మాత్రం నేను. ఆ తప్పు నాది."

బావ అద్దాల గదిలోకి జారుకున్నాడు.

"పాస్‌వర్డ్ మార్చారా?" అంది నర్సు.

"మార్చాను."

"మధ్యాహ్నం వంతుల్లో రెండు కుర్చీలు ఎక్కువ చూపిస్తోంది. అది కూడా మీరే చూడండి," అని పెట్టేసింది.

అక్క కళ్లనిండా నీళ్లు. "సొంత అక్కని పట్టుకుని బయటివాళ్ల ముందు అంత మాటంటావా?"

"బయటివాళ్లకి నా పేరు చెప్పించినప్పుడు నేను నీకు చెల్లెల్ని కానా అక్కా?" అంది బుజ్జి. జవాబు కోసం ఆగకుండా మధ్యాహ్నం వంతుల పేజీ తెరిచింది.