దర్జీ అంగడిలో తెల్లకర్ర

నేను ఒక కర్రను. పేరుకే కర్రను గానీ, నాలో పుల్లంత చెక్క కూడా లేదు. నాలుగు అల్యూమినియం గొట్టాలు, వాటి లోపల ఒక సాగే తాడు, పైన నల్ల రబ్బరు పిడి, కింద అరిగిపోయే ప్లాస్టిక్ మొన, అంతే నా ఒళ్ళు. విదిలిస్తే గొట్టాలు టకటకా అతుక్కుని నిలబడతాను, మడిస్తే చంకసంచిలో ఒదిగిపోతాను. ఇప్పుడు తాడిపత్రిలో ఓబులేసు అనే దర్జీ అంగడిలో కొక్కేనికి వేలాడుతున్నాను. చూపున్న దర్జీకి తెల్లకర్రతో ఏం పని అని మీరు అడగవచ్చు. అది చెప్పుకోవాలనే నోరు లేకపోయినా నోరు విప్పాను.

నేను పుట్టిన ఫ్యాక్టరీ గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. నాలాంటివాళ్ళు వందల్లో పుట్టారు, గోనెసంచుల్లో అన్ని వైపులకూ పోయారు. నేను అనంతపురం చేరాను. అక్కడ వేసవి సెలవుల్లో ఒక ఖాళీ హాస్టల్లో చూపు లేని పిల్లలకూ, చూపు బాగా తక్కువున్న పిల్లలకూ శిబిరం పెడతారు. తమ పనులు తాము చేసుకోవడం నేర్పుతారు. నేర్పే జుబేదా టీచరుకు కూడా చూపు లేదు. ఆమె కాఫీ కలిపితే మాత్రం కళ్ళున్న వంటమనిషి చిన్నబోయేది.

ఓబులేసు కూతురు శివలీల అక్కడే నా చేతికి వచ్చింది. ఆమె చేతికి నేను వచ్చానని మీరంటారు, నేను ఇలాగే అంటాను. పదమూడేళ్ళ పిల్ల. వెలుతురు ఏ వైపు ఉందో తెలుస్తుంది, అంతకు మించి కనపడదు. వచ్చిన రోజు అన్నం పళ్ళెం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏం పాపా, తినవా?" అంది జుబేదా టీచరు.

"మాయమ్మ కలిపి పెడ్తాది టీచర్."

"మీయమ్మ బస్సెక్కి పాయె. ఈడ ఎవురన్నం వాళ్ళే కలుపుకోవాల."

ఆ పూట శివలీల సగం అన్నం, సగం కన్నీళ్ళు తింది. ఆ పిల్ల అంతవరకు ఏ తప్పూ చేసి ఎరగదు. చేయనిస్తే కదా! శిబిరంలో మాత్రం కరువు తీరా చేసింది. పాలు పొంగించింది, బొత్తాం తలకిందులుగా కుట్టింది, గోడలకు ఢీకొంది. గ్యాస్ పొయ్యి మీటకు ఎక్కడ తిప్పితే సన్నమంటో తెలిసేలా బొట్టుబిళ్ళ అతికించుకుంది. నాతో రోడ్డు దాటింది. నేను ఎడమకు ఊగితే ఆమె కుడికాలు, కుడికి ఊగితే ఎడమకాలు. ఒకరోజు తనంతట తాను వీధి చివరిదాకా వెళ్ళి కొత్తిమీర కట్ట కొనుక్కొచ్చి, దాన్ని ఎవరికీ ఇవ్వకుండా సాయంత్రం దాకా చేత్తోనే పట్టుకుని తిరిగింది. నా బతుకులో నేను సంతోషంగా ఉన్న రోజు ఏదంటే అదే.

ఎనిమిదో తరగతికి దూరంగా ఉన్న హైస్కూలుకు వెళ్ళాలి. వాళ్ళమ్మ నాగరత్న అగరుబత్తీలు చుట్టే పనికి పోతుంది, రోజూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే తీరిక ఎవరికీ లేదు. నాతో తానే వెళ్ళొచ్చునని శివలీల ఎగురుకుంటూ ఇల్లు చేరింది. ఓబులేసు నన్ను చూసి ముఖం ముడుచుకున్నాడు.

"సూస్తే ఎవురికీ తెలీదు పాపకు కండ్లు లేవని. ఈ కట్టె పట్టుకుంటే ఊరంతా దండోరా ఏసినట్లే గదా," అన్నాడు భార్యతో.

దుర్మార్గుడు కాడు. కూతురి గౌనుకు లోపలి కుట్లు గీరుకోకుండా మెత్తని గుడ్డ అంచు వేసే మనిషి. మనుషులు ప్రేమ ఉన్నచోటే ఎక్కువ తాళాలు వేస్తారు. నన్ను మడిచి, కుట్టించుకుని మళ్ళీ తిరిగి చూడనివాళ్ళ ప్యాంట్ల మూటలో దోపి, పై అరలో పడేశాడు. బడులు తెరిచారు. వీధిలో పిల్లల చెప్పుల చప్పుడు రోజూ వచ్చి పోయేది. శివలీల మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అంగడి వెనకే వాళ్ళ ఇల్లు. గోడ అవతల శివలీల నన్ను వెతుక్కుంటూ మంచం కింద తడుముకునేది. ఒకసారి, "నా కర్ర యాడ పెట్టినారు?" అని అడిగింది, ఎవరూ పలకలేదు. నేను పలకలేను. ఒంటరితనం అంటే ఎవరూ లేకపోవడం అనుకునేదాన్ని. కావలసిన మనిషి గోడ అవతలే ఉండటం కూడానని ఆ మూటలో తెలిసింది.

దసరా వచ్చింది. ఆయుధపూజకు అంగడి దులుపుతూ నాగరత్న ఆ మూటను కిందికి లాగింది. నా గొట్టాలు ఒకదానికొకటి తగిలి గణగణమన్నాయి. గడపలో కూర్చున్న శివలీల తల తిప్పింది. వాళ్ళమ్మ నీళ్ళకు వెళ్ళాక వచ్చి మూటలో చెయ్యి పెట్టి నన్ను తీసుకుంది. పూజకు కుట్టుమిషను, కత్తెర, ఇస్త్రీపెట్టె వరసగా పెట్టి ఉన్నాయి. నన్ను విప్పి కత్తెర పక్కన పడుకోబెట్టింది. ఓబులేసు మంత్రం సణుగుతూ, తలెత్తకుండా, ఒక్కొక్కదానికీ కుంకుమ పెట్టుకుంటూ వచ్చి నా పిడికి కూడా బొట్టు పెట్టేశాడు. పెట్టాక చూశాడు. అప్పటికి హారతి కూడా వెలిగింది.

ఓబులేసుకు ఒక పట్టింపు ఉంది. పూజ చేసిన పనిముట్టును మర్నాడు పనిలోకి తియ్యాల్సిందే, తియ్యకపోతే ఏడాదంతా చేతికి పని ఉండదు. అందుకే విజయదశమి పొద్దున కాఫీ కూడా తాగకుండా చింకిగుడ్డకైనా నాలుగు కుట్లు వేస్తాడు. వేస్తుండగా శివలీల వచ్చి నిలబడింది.

"నాయనా, మిషను పనిలోకి తీస్తివి, కత్తెర తీస్తివి. మరి నాది?"

మిషను ఆగింది.

"ఈదిసివరి దాకా పొయ్యి రా," అన్నాడు చివరికి.

వేలు దూర్చనిస్తే చెయ్యి దూర్చినట్టు, సెలవులయ్యేసరికి ఆ వీధిచివర హైస్కూలు దాకా సాగింది. రెండేళ్ళు ఇద్దరం కలిసి తిరిగాం. పిండిమర చప్పుడు దగ్గర మలుపు, ఆ తర్వాత కాలువ మీద బండ, చివరికి అంగడి ముందు బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూర్చోవడానికి ఓబులేసు వేసిన చెక్క బెంచీ. నా మొన దానికి టక్కుమని తగలగానే శివలీల ఎడమకు తిరిగి ఇంట్లోకి వెళ్ళేది.

మనుషులు పెరుగుతారు. మాకు అరగడం తప్ప పెరగడం తెలియదు. మళ్ళీ శిబిరానికి వెళ్ళినప్పుడు జుబేదా టీచరు నన్ను శివలీల పక్కన నిలబెట్టి తడిమి చూసింది.

"రొమ్ముదాకా రావాల్సిన కర్ర కడుపు కాడ్నే నిల్చిపాయె. ఇంత పొట్టిదైతే గుంత ముందుగా తెలీదు పాపా," అంది.

కొత్త కర్ర వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దాస్తే ఏం లాభం. ఇల్లు చేరాక శివలీల నా పిడిని ఒకసారి నిమిరి, కొత్తదానితో వీధిలోకి వెళ్ళిపోయింది. ఓబులేసు నన్ను అంగడి కొక్కేనికి తగిలించి, పై వరసలో వేలాడే చొక్కాలు దించడానికి వాడుకోసాగాడు.

మొన్నటి దసరాకు ఎవరూ చెప్పకుండానే ఆయన నాకు బొట్టు పెట్టాడు. మర్నాడు తెల్లవారుజామున నన్ను చేతిలోకి తీసుకున్నాడు. చొక్కా దించుతాడనుకున్నాను. వీధిలోకి వెళ్ళి, కొంచెం దూరం పోయి, ఇటు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. నా పని నాకు ఇస్తున్నాడన్నమాట. తడుముకుంటూ నడిచి వచ్చి అంగడి ముందు నన్ను దేనికో టక్కున తగిలించి ఆగాడు. కళ్ళు తెరిచి చూస్తే తన బెంచీ.

"అయ్యో, దినామూ పాపకు నేనే అడ్డం పెట్టినానా," అన్నాడు. ఇంట్లో ఎవరితోనూ అనలేదు, నాతోనే అన్నాడు. కళ్ళు తుడుచుకుని బెంచీని లోపలికి మోసుకెళ్ళాడు.

వద్దని అరవాలనిపించింది. ఆ బెంచీ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కర్రను ఎవరు అడుగుతారు?

సాయంత్రం శివలీల స్నేహితురాలి ఇంటి నుంచి వస్తోంది. కొత్త కర్ర చప్పుడు దగ్గరైంది. అడ్డం లేని దారిలో కూతురు ఎలా నడుస్తుందో చూద్దామని ఓబులేసు మిషను ఆపి కూర్చున్నాడు. ఆ చప్పుడు అంగడి ముందుకు వచ్చింది, దాటింది, ముందుకు పోయింది. ఎక్కడో ఆగింది.

"నాయనా! నాయనా! అంగడి యాడుంది?" ఆ పిల్ల గొంతులో అంత భయం శిబిరంలో మొదటి రోజు కూడా వినలేదు.

ఆయన చెప్పులు లేకుండా పరుగెత్తాడు.

"ఈడే ఉండాను పాపా. ఏమైంది?"

"బెంచీ లేదు. ఎవురు తీసినారు?"

"నీకు అడ్డమని నేనే తీసినా."

"అడ్డం కాదు నాయనా. నాకు ఇల్లంటే ఆ బెంచీనే."

ఓబులేసు బెంచీ తెచ్చి, నేల మీద దాని కాళ్ళ పాత గుర్తులు వెతికి సరిగ్గా అక్కడే దించాడు. శివలీల కొంచెం వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచి వచ్చింది. కొత్త కర్ర టక్కుమంది. ఆమె ఎడమకు తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

రెండేళ్ళు ఆ చప్పుడు నాది. ఓబులేసు నా వైపు చూశాడు. "నీకు తెల్సు గదా," అన్నాడు. తర్వాత నన్ను తీసుకుని పై వరసలో ఎవరిదో చొక్కా దించాడు.