గొడుగు గుడ్డ

వరుసగా ఆరు రోజులు డ్యూటీ చేసిన నర్సును ఏడో రోజు, సెలవునాడే, హెడ్ నర్సు హ్యాకథాన్‌కి, అంటే కాలేజీ పిల్లలు రెండు రోజుల్లో ఏదో ఒక ఇబ్బందికి ఉపాయం కనిపెట్టే పోటీకి, పంపింది. "ఊరికే కూర్చుని మన ఇబ్బందులు చెప్పిరావే. మిగతాది ఆ పిల్లలు చూసుకుంటారు," అంది. బయల్దేరుతుంటే కూతురు, "సెలవంటే ఇంట్లో ఉండేది కాదా అమ్మా?" అని అడిగింది.

పెద్ద హాలు. ఒకవైపు లాప్‌టాప్‌లు ముందేసుకున్న కాలేజీ పిల్లలు. మరోవైపు ఆ రెండు రోజులకే వెలిసిన కుట్టు వర్క్‌షాపు. అక్కడ ఒకావిడ పాత గొడుగుల గుడ్డతో సంచులు కుట్టడం నేర్పుతోంది.

నర్సు చుట్టూ ముగ్గురు చేరారు. కదల్లేని రోగులకు వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని చెప్పిందామె. మధ్యాహ్నానికల్లా వాళ్లు ఫోన్లో వేళకు మోగే గంట ఒకటి తయారుచేశారు.

"ఎలా ఉంది సిస్టర్?" కళ్లద్దాల అమ్మాయి మురిసిపోతూ అడిగింది.

"బానే ఉందమ్మా. కానీ మేం మర్చిపోయి కాదు, ఒక్కళ్లం తిప్పలేక ఆగిపోతాం. రెండో మనిషి ఎక్కడ దొరుకుతారు? నా నడుం పట్టేసి నెలయింది."

ముగ్గురి మొహాలూ వాడిపోయాయి. "ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా," అని గొణిగాడు అందరూ పొడుగు అని పిలిచే కుర్రాడు.

"మీరు అడిగితేగా!"

సంచులావిడ ఇదంతా వింటూనే ఉంది. "ఎత్తడం దేనికి? జారిస్తే పోలా?" అంటూ గొడుగు గుడ్డలు కలిపి, రెండు చివరలా తెరిచిన పెద్ద దిండు గలీబులా కుట్టేసింది. లోపల గుడ్డ మీద గుడ్డ సబ్బు రాసినట్టు జారుతోంది.

"మరి రోగి?" అన్నాడు పొడుగు.

"నేను లేనూ!" బల్ల మీద గుడ్డ పరిపించి, దానిపై నర్సు నడుం వాల్చింది. అంతే, కళ్లు మూతలు పడ్డాయి.

కళ్లద్దాల అమ్మాయి ఒక్కతే అంచు పట్టి లాగింది. నర్సు ఒత్తిగిలింది. మేలుకోలేదు. పొడుగు చప్పట్లు కొట్టబోతే సంచులావిడ చెయ్యి పట్టుకుంది. "పడుకోనీ నాయనా, ఎన్నాళ్లయిందో ఏమో."

పక్క జట్టువాళ్లు బల్ల కోసం వస్తే, "మా పేషెంటు ఇంకా లేవలేదండీ," అని పంపేశారు. గంటన్నర తర్వాత లేచిన నర్సు సిగ్గుతో చచ్చిపోయింది. "మీ పని పాడుచేశానా?"

"లేదు సిస్టర్, అయిపోయింది," అంది అమ్మాయి.

మర్నాడు బహుమతి వేరేవాళ్లకి వెళ్లింది. "ఇందులో టెక్నాలజీ ఏదీ?" అన్నారు న్యాయనిర్ణేతలు. డ్యూటీ దిగి వచ్చిన నర్సు చేతికి పిల్లలు గుడ్డ మడతపెట్టి ఇచ్చారు.

వార్డులో ఆ గుడ్డతో ఆమె ఒక్కతే ఒక భారీ మనిషిని తిప్పడం హెడ్ నర్సు కళ్లారా చూసింది. వారం తిరిగేసరికి ఆ గుడ్డ కోసం మూడు వార్డుల వాళ్లు కీచులాడుకున్నారు. ఇంకో నాలుగు కుట్టిపెట్టమని నర్సు సంచులావిడకు ఫోన్ చేసింది.

"కుడతాలే గానీ, గొడుగులేవీ?"

నడుం నొప్పి ఇంకా తగ్గలేదు. చేత్తో నొక్కుకుంటూనే ఆమె విరిగిన గొడుగులు అడగడానికి వార్డు వార్డుకీ బయల్దేరింది.