మిక్సీ ప్లగ్గులో సర్వర్

గట్టు మీద మిక్సీ పెట్టుకొని అరుణకుమారి రోట్లో ఊరిబిండి నూరుతోంది. వేయించిన వేరుశనగ బుడ్డలు, ఎండుమిరపకాయలు, చింతపండు. పొత్రం తిప్పి తిప్పి కుడి భుజం పీకేస్తోంది. మిక్సీకి ఏ రోగమూ లేదు పాపం. దానికి ప్లగ్గే లేదు. నంద్యాలలోని ఆ ఇంటి వంటగదిలో ఉన్న ఒక్క ప్లగ్గునూ ఆమె మొగుడు కరుణాకర్ తన సర్వర్‌కు రాసిచ్చేశాడు. ఇన్వర్టర్ లైను దానికే ఉందట. "రోజూ ఆపి ఏస్తాంటే అది చెడిపోతాది. నీ చట్నీకి రోలుండాది గదా" అన్నాడు. రోలు ఉంది నిజమే. దాన్ని తిప్పే చెయ్యి ఎవరిదో ఆయన అడగలేదు.

సర్వర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. టిఫిన్ బాక్సంత నల్లపెట్టె. అరలో పోపుల డబ్బా పక్కన కూర్చొని పచ్చదీపం మిటకరిస్తూ ఉంటుంది. కరుణాకర్‌కు బస్టాండు దగ్గర సీసీ కెమెరాలు బిగించే షాపు. ఇంట్లోని ఫొటోలు, వీడియోలు, హాల్లోనూ వంటగదిలోనూ పెట్టిన కెమెరాల రికార్డింగు, అన్నీ ఆ పెట్టెలోకే పోతాయి. "దునియాలో యాడున్నా సరేనప్పా, ఫోన్ తీసి ఇట్ల నొక్కితే ఇల్లంతా నా చేతిలో ఉంటాది" అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తాడు. చుట్టాలు నోరు తెరుస్తారు. ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసి ఆ పెట్టె మొండికేసిన రోజున దాన్ని లేపేది మాత్రం అరుణ. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, ముందు పెట్టె లేవాలి. ఆ సంగతి ఏ చుట్టానికీ చెప్పడు.

ఆమె ఆళ్లగడ్డ బడిలో టీచరు. రోజూ బస్సులో పోయి రావాలి. సుద్దముక్క పట్టుకొని బోర్డు దగ్గర నిలబడి ఉండగా ఫోను మోగుతుంది. "సింకులో గిన్నెలు అట్లే ఉండాయే, మా అమ్మ కడగల్లనా?" ఇంకో రోజు, "పాలగిన్నె మీద మూత పెట్టకుండా పోయినావ్." పాల మీద మూత లేదని ఆళ్లగడ్డలో ఉన్న మనిషికి షాపులో కూర్చొని చెప్తాడు గానీ, ఇంట్లోనే ఉన్న తల్లి రత్నమ్మకు చెప్పడు. రత్నమ్మ ఆ పెట్టెను ముట్టదు, షాక్ కొడుతుందట. "నీకేమమ్మా, పొద్దున్నే బస్సెక్కి పోతావ్. ఇల్లు కనిపెట్టుకోని ఉండేది నా కొడుకే" అని మాత్రం అంటుంది. ఆఖరికి క్లాసులో పిల్లలు కూడా నవ్వడం మొదలుపెట్టారు. ఫోను మోగితే చాలు, "టీచర్, సార్ మనల్ని గూడ చూస్తాండాడా?"

ఆ పెట్టెలో అరుణకంటూ ఉన్నది ఒక్కటే. వాళ్ళమ్మ గొంతు. సంతోషమ్మ చదువుకోలేదు. చేలో కలుపు తీస్తూ దేవుడి మీద తనే పాటలు కట్టుకునేది. ఆమె మంచాన పడ్డాక, బడి వదలగానే అరుణ ఆళ్లగడ్డలోనే ఉన్న పుట్టింటికి పోయి, ఆ పాటలన్నీ ఫోన్లో పట్టుకుంది. తర్వాత ఆ ఫోను పాతదైందని కరుణాకర్ మార్చేశాడు. "భయపడొద్దు, అన్నీ సర్వర్‌లో ఏసినా." వేశాడు, అబద్ధమేమీ లేదు. పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వలేదు. "నీకెందుకే? ఏదో ఒకటి నొక్కి చెడగొడతావ్. ఏం కావల్నో అడుగు, తీసిస్తా." బెంగళూరులో చదివే కూతురు ఫెబాకు ఇచ్చాడు. ఫెబాను అడిగితే, "డాడీకి తెలిస్తే తిడతాడు మమ్మీ" అంది. అట్లా కన్నతల్లి గొంతు వినాలంటే మొగుణ్ణి అడగాలి. మొగుడికి తీరిక ఉండాలి. మొగుడికి కెమెరాల్లో గిన్నెలు చూడడానికి ఉన్నంత తీరిక, అత్త పాటలు వెతకడానికి ఎప్పుడూ దొరకలేదు.

మొన్న ఆదివారం అన్నం తింటూ చెప్పాడు. "సర్వర్ నిండిపోయింది. మీ అమ్మవి ఒక్క పాట బాగుండేది ఏరి పెట్టినా. ఆమె పోయి ఏడాదైతాంది గదా, చర్చిలో పెట్టే కూడికలో ఫోన్ నుంచి అదే ఇనిపిస్తా. మిగతావి ఆ రోజు రాత్రికి తీసేస్తా. అన్నిట్లో దగ్గు, కోళ్ళ అరుపులు. దేనికవి?"

దేనికా? ప్రతి పాట అయిపోగానే అమ్మ దగ్గేది. ఊపిరి కూడదీసుకునేది. ఆ తర్వాత ఒక మాట అడిగేది. "అరుణా, తిన్నావామ్మా?" ఆ ఇంట్లో కెమెరాలు పాల మీద మూత చూశాయి, సింకులో గిన్నెలు చూశాయి. ఒక్కరైనా, ఒక్కసారైనా, ఆ మాట అడిగారా? చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎవరూ గమనించలేదు.

మర్నాడు స్టాఫ్‌రూములో కంప్యూటర్ టీచర్ హిమబిందుతో చెప్పుకుంది. హిమబిందు నవ్వింది. "అక్కా, పాస్‌వర్డ్ ఫోన్లో నుంచి పెట్టెలోకి పోయేదానికి. పెట్టె చేతికొస్తే డిస్కు తీసి నా కంప్యూటర్‌కు తగిలిచ్చి చూస్తా. వచ్చే అవకాశం ఉండాది. మా ఇల్లు మీ అమ్మోళ్ళ చర్చి ఎనకేగా."

ఈ రోజే ఆ కూడిక, ఆళ్లగడ్డ చర్చిలో. తెల్లారగానే కరుణాకర్ కారులో స్పీకర్లు ఎక్కించాడు. ముందు సీట్లో రత్నమ్మ కూర్చుంది. చీర కట్టుకొని వాకిట్లోకి వచ్చిన అరుణను చూసి, "స్పీకర్లు పెట్టినాక జాగా యాడుంది? నువ్వు ఊరిబిండి తీసుకోని బస్సుకు రా. నీకు అలవాటే గదా" అన్నాడు. కన్నతల్లి కూడికకు కూతురు బస్సులో, స్పీకర్లు కారులో. ఆమె లోపలికొచ్చి నూరడం మొదలుపెట్టింది.

నూరి, రోలు కడిగి, చేతులు తుడుచుకొని చాలాసేపు ఆ అర ముందు నిలబడింది. పైనుంచి కెమెరా చూస్తోంది. చూడనీ అనుకుంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఊరిబిండి డబ్బా కాళ్ళ దగ్గర పెట్టి, సంచి ఒళ్ళో పెట్టుకుంది. "సంచి పైన పెట్టుకో మేడం, ఎంతసేపు మోస్తావ్?" అన్నాడు రోజూ చూసే కండక్టర్. "ఫర్వాలేదన్నా" అని ఇంకా దగ్గరికి హత్తుకుంది.

శిరివెళ్ళ దాటాక ఫోను మోగింది.

"యాడుండావ్?"

"శిరివెళ్ళ దాటినా."

"సర్వర్ ఆగిపోయింది. ఎంత నొక్కినా పాట రాలే. దిగు ఆడ్నే. దిగి ఎనక్కు పోయి స్విచ్ వెయ్. అందరూ వచ్చి కూర్చోనుండారు, పరువు పోతాది."

"మా అమ్మ కూడికకు వస్తాంటే దిగి ఎనక్కు పొమ్మంటారా?"

ఆ మాట ఫోన్లోంచి ఆమెకే తిరిగి వినిపించింది, పెద్దగా, చర్చి గోడలకు తగిలి. అరుణకు అర్థమైంది. పాట పెట్టడానికని ఫోనుకు స్పీకర్ల వైరు తగిలించాడు, ఆ వైరు తీయకుండానే ఫోన్ చేశాడు. ఆయన మాటలు పక్కనున్నవాళ్ళకే. ఆమె మాటలు మాత్రం చర్చి మొత్తానికి. "అరుణ గొంతే గదా అది?" అని ఎవరో ఆడమనిషి అంటోంది. "ఓ యేసయ్యా" అంటోంది రత్నమ్మ.

వేరే రోజైతే గొంతు తగ్గించేది.

"కరెంటు పోలేదండీ" అంది. "పెట్టె ఇంట్లో ల్యా. నా ఒళ్ళో ఉండాది."

"ఏందీ? ఎవర్నడిగి తీసినావ్?"

"మీరు తీసేస్తామన్న పాటలన్నీ ఈ రోజు కాపీ చేపిచ్చుకుంటా. దగ్గుతో సహా. తర్వాత పెట్టె మీకే ఇస్తా, తీసుకపోయి షాపులో పెట్టుకోండి." కిటికీలోంచి వచ్చే గాలికి ఎగిరే కొంగును సంచి మీదికి కప్పుకుంది. "వంటింట్లో దానికి ప్లగ్గు ల్యా. మిక్సీ పెట్టొచ్చినా."