ఐదో రకం ఊఁ

టీచరమ్మ రోజుకి ఆరు వందల ఊఁలు వింటుంది. వినడమే కాదు, ఏ ఊఁ ఏ రకమో తేల్చి పక్కన అంకె వేస్తుంది. ఇదీ ఒక ఉద్యోగమేనా అని మొదట్లో ఆవిడకే అనుమానం వచ్చింది. కానీ నియామకపు కాగితం మీద గుండ్రటి ముద్ర ఉంది, కుర్చీకి చక్రాలున్నాయి, కాబట్టి ఉద్యోగమేనని నమ్మింది. ఇరవై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయి, ఇక గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాక దొరికిన పని ఇది. ఇక్కడ మాట్లాడనక్కర్లేదు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటే చాలు.

ఆ పరిశోధన భవనానికి నాలుగు అంతస్తులు. అన్నిటికన్నా కింద కణాలవాళ్ళు, వాళ్ళ మీద చదువు ఎలా చెప్పాలో కనిపెట్టేవాళ్ళు, ఆ పైన మనసు సంగతి చూసేవాళ్ళు, అందరి నెత్తినా కంప్యూటరుకి భాష నేర్పేవాళ్ళు. పై మూడు అంతస్తులవాళ్ళూ కలిసి ఊఁ వెంట పడ్డారు. మనిషి ఎంత గబగబా మాట్లాడినా రాసుకునే కంప్యూటరు ఊఁ దగ్గరికి వచ్చేసరికి బిక్కమొహం వేస్తోందట. ఆ ఒక్క అక్షరంతోనే మనవాళ్ళు ఒప్పుకుంటారు, ఎగతాళి చేస్తారు, తప్పించుకుంటారు, ఒక్కోసారి ఇల్లు కూడా రాసిచ్చేస్తారు. చదువులవాళ్ళ బాధ ఇంకొకటి. అర్థమైందా అని అడిగితే క్లాసు క్లాసంతా ఊఁ అంటుంది, పరీక్ష పెడితే ఎవరికీ అర్థం కాలేదని తేలుతుంది.

అందుకని ఊఁని ఐదు రకాలు చేశారు. ఒకటంటే అవును, ఒప్పుకున్నాను. రెండంటే చెప్పు, వింటున్నాను. మూడు, అర్థమైంది. నాలుగు, నువ్వు చెప్పావు కానీ నేను నమ్మలేదు. ఐదంటే అసలు వినడమే లేదు. తన క్లాసులో వినబడ్డ ఊఁలన్నీ మూడో రకమేనని టీచరమ్మ ఇరవై రెండేళ్ళు ధీమాగా ఉంది. ఉద్యోగంలో చేరిన మూడోవారంలో క్లాసుల రికార్డింగులు వినవలసి వచ్చింది. రెండు రోజులు ఆవిడకి అన్నం సహించలేదు.

పక్క గదిలో ఇంకొకాయన అవే ఊఁల్లో కొన్నిటిని విని విడిగా అంకెలు వేస్తాడు. కోర్టులో ముప్పై ఏళ్ళు స్టెనోగా చేసి రిటైరైనాయన, అందరూ స్టెనోగారు అంటారు. ఒకరు వేసింది ఒకరికి చెప్పకూడదు, టీ దగ్గర కూడా ఊఁ ప్రస్తావన రాకూడదు. దాంతో ఇద్దరూ ఆరు నెలలుగా వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. ఇద్దరి అంకెలూ కలవని చోట, శుక్రవారం మూడు గంటలకి సైకాలజీ మేడమ్ వాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి, అదే ఊఁని ముందూ వెనకా మాటలతో సహా వినిపించి, పంచాయితీ తీరుస్తుంది.

ఈ మధ్య ఇళ్ళలోంచి రికార్డింగులు వస్తున్నాయి. ఇష్టమైనవాళ్ళు వంటింట్లో చిన్న డబ్బా పెట్టుకుంటే వారం రోజుల మాటలు పట్టుకుంటుంది. సిబ్బంది కూడా ముందుకు రావాలని మేడమ్ అడిగితే టీచరమ్మ అందరికంటే ముందు సంతకం పెట్టి, డబ్బా ఫ్రిజ్ మీద పెట్టి, ఆ సంగతే మర్చిపోయింది. ఎవరివో తెలియకుండా గొంతులు మార్చేస్తారు. పేర్లూ వరసలూ వచ్చిన చోట బీప్ పెడతారు. అంకె వేసేవాళ్ళకి ఊఁకి ముందు ఒకటి రెండు మాటలు తప్ప ఇంకేమీ వినబడవు.

ఆ గొంతుల్లో ఒక ముసలాయన టీచరమ్మకి వారంగా తగులుతున్నాడు. ముప్పై ఒక్క ఊఁలు. అందులో ఇరవై ఆరు ఐదో రకం. ఎదుటివాళ్ళు మాట పూర్తి చెయ్యకముందే ఊఁ అంటాడు. ఊపిరి పీల్చుకున్నా ఊఁ అంటాడు. ఈయనతో కాపురం ఎలా చేస్తున్నారో పాపం అనుకుంటూ ఆవిడ ఐదు, ఐదు, ఐదు అని వేసుకుంటూ పోయింది. చివరికి ఐదు నొక్కే ముందు ఊఁ వినడం కూడా మానేసింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆవిడా కూతురూ. కూతురు ఇదే భవనంలో కింద కణాలు పెంచుతుంది, ఐదేళ్ళుగా పరిశోధన. భర్త ఉన్న రోజుల్లో కూతురి కబుర్లకి ఊఁ కొట్టే పని ఆయనది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ పని టీచరమ్మ మీద పడింది. పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి ఇవాళ కణాలు ఇలా చేశాయి, అలా చేశాయి అని చెబుతుంటే ఆవిడ గిన్నెలు సర్దుకుంటూ ఊఁ అనేది. పదిరోజులుగా పిల్ల గుమ్మం దగ్గరికి రావడం లేదు. తిన్నది తిన్నట్టు లేదు, అడిగితే తలనొప్పి అంటుంది. ఈ శుక్రవారం సాయంత్రం ఐదింటికి థీసిస్ ఇచ్చెయ్యాలి కదా, ఆ కంగారేలే అని టీచరమ్మ సరిపెట్టుకుంది. వేసవికల్లా మా అమ్మాయి పేరు ముందు డాక్టర్ వస్తుందని చుట్టాలందరికీ చెప్పేసింది కూడా.

ఆ శుక్రవారం మూడింటికి మేడమ్ కాగితం చూసి, "ఫైలు నూట పద్దెనిమిది. టీచరుగారు ఐదు, స్టెనోగారు ఒకటి," అంది. మీట నొక్కింది.

"...ఇచ్చెయ్యనా?"

"ఊఁ."

స్టెనోగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సూటిగా అడిగారు. ఊఁ అన్నాడు. మా కోర్టులో అయితే ఒప్పుకున్నాడని రాసేసేవాళ్ళం."

"ఆ ముసలాయన గురించి మీకు తెలీదండీ," అంది టీచరమ్మ. "ఇల్లు తగలబడుతోందని చెప్పినా ఊఁ అనే మనిషి."

"నాకు ఈ ఒక్కటే వచ్చింది మరి. ఉన్నదాన్ని బట్టి రాశాను."

మేడమ్ పొడుగు ముక్క పెట్టింది. ముందు ఎవరో కుర్రవాడి గొంతు వచ్చింది, నిజానికి ఎవరిదో దేవుడికెరుక.

"(బీప్), నేను పెంచినవి నా కణాలు కావు. టెస్టు వచ్చింది."

"ఊఁ."

"సీసా మీద మూత్రపిండం అని రాసుంది. లోపల ఉన్నవి వేరే. నేను చేరకముందే ఎవరో కలిపేశారు. మూడేళ్ళు వాటినే పెంచాను నేను."

"ఊఁ."

"గైడ్‌గారికి కూడా తెలీదు. చెప్తే మూడేళ్ళూ పోతాయి. చెప్పకపోతే ఎవరూ పట్టుకోలేరు. నోరు మూసుకుని ఇచ్చెయ్యనా?"

"ఊఁ. ఆ స్టీలు డబ్బా మూత ఎక్కడ పెట్టావే?"

గొంతులు మార్చిన కంప్యూటరుకి ఆ చివర ఉన్న 'వే'ని మార్చాలని తోచలేదు. స్టెనోగారు తలెత్తి, "అవతల ఉన్నది ఆడపిల్ల," అన్నాడు.

స్టీలు డబ్బా మూత కోసం టీచరమ్మ ఇల్లంతా గాలించి పదిరోజులైంది.

"మారుస్తారా?" అంది మేడమ్.

"మార్చను. ఐదే."

"ఇంత సూటిగా అడిగాక కూడానా? అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

"ఆ ముసలాయన నేనే," అంది టీచరమ్మ.

మేడమ్ నిబంధనల పుస్తకం తీసింది. ఆరో పేజీలో ఉంది. మాట్లాడిన మనిషి అంకె వేసేవాళ్ళకి తెలిసినట్లయితే ఆ ఊఁని లెక్కలోంచి తీసెయ్యాలి. అంకె వేసిన మనిషే మాట్లాడినట్లయితే ఏం చెయ్యాలో రాయలేదు. మేడమ్ రెండూ ఒకటేనని తీర్మానించి, నూట పద్దెనిమిది మీద గీత కొట్టింది. మిగతా ముప్పై కూడా కొట్టెయ్యాలి కదా అని నిట్టూర్చింది.

"ఏదో ఒకటి రాయండి మేడమ్, ఐదని రాయండి," అంది టీచరమ్మ.

"ఇక రాయడానికి లేదండీ."

స్టెనోగారు గోడ గడియారం చూశాడు. ఆరు నెలల్లో మొదటిసారి వాతావరణం కాని మాట ఒకటి ఆవిడతో విడిగా అన్నాడు. "నేను ఒకటి వేశానమ్మా. మీ అమ్మాయి కూడా ఒకటే వేసుకుని ఉంటుంది."

ఆవిడ హెడ్‌ఫోన్లు మెడలో ఉండగానే లేచింది. లిఫ్టు బాగుచేస్తున్నామన్న బోర్డు వేలాడుతోంది, చేరిన రోజు నుంచీ వేలాడుతూనే ఉంది. మెట్లన్నీ దిగేసరికి మోకాళ్ళు పట్టేశాయి. ఒక్కో మెట్టుకీ ఇరవై ఆరులో ఒక ఐదు గుర్తొచ్చింది. వాటి ముందు వినబడ్డ రెండేసి మాటలు గుర్తొచ్చాయి. నిద్ర పట్టట్లేదు. ఊఁ. భయంగా ఉంది. ఊఁ. రెండు మాటలే అయినా ఏ తల్లి అయినా పోల్చుకోవలసిన మాటలు. ఆవిడకి తన మీద అసహ్యం వేసింది.

కణాల గది తలుపు దగ్గర చెప్పులు విప్పి, వాళ్ళిచ్చే నీలం తొడుగులు వేసుకుంటే గానీ లోపలికి రానివ్వరు. కూతురు గాజుపెట్టె ముందు కూర్చుని, చేతులకి గ్లవుజులతో, గిన్నెల్లో ఎర్రటి ద్రవం మారుస్తోంది. తను పెంచినవి కాకపోయినా ఆకలి వాటిదీ ఆకలే కాబోలు, వేళకి పోస్తూనే ఉంది. పక్కన బల్ల మీద బైండు చేసిన థీసిస్‌లు నాలుగు, నల్ల అట్టల మీద బంగారు అక్షరాలు.

"ఏంటమ్మా ఇలా వచ్చావు?" అంది కూతురు.

"ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నేను వినలేదు."

"ఏ రోజు?"

"మూత అడిగిన రోజు. ఫ్రిజ్ మీది డబ్బా పట్టుకున్న మాటల్లో ఇప్పుడే విన్నాను. నోరు మూసుకుని ఇచ్చెయ్యనా అన్నావు. ఊఁ అన్నాను. అది ఐదో రకం."

కూతురి చెయ్యి గాజుపెట్టెలో ఆగిపోయింది. గొట్టం జాగ్రత్తగా కింద పెట్టి, గ్లవుజులు విప్పి, చెత్తబుట్టలో వేసి, అప్పుడు మాట్లాడింది.

"నేను నిజమే అనుకున్నాను. అమ్మే ఇచ్చెయ్యమంది కదా అనుకున్నాను. నీకు కూడా నేను డాక్టరైతే చాలు కాబోలు అనుకున్నాను. అప్పట్నుంచీ నీతో మాట్లాడబుద్ధి కాలేదు."

టీచరమ్మకి ఏడుపొచ్చింది. ఇప్పుడు ఏడిస్తే పిల్లే ఓదార్చవలసి వస్తుందని ఆపుకుంది. ఖాళీ స్టూలు లాక్కుని కూర్చుంది. "మళ్ళీ చెప్పు అమ్మడూ. మొదట్నుంచీ."

కూతురు మొదలుపెట్టింది. అనుమానం ఎలా వచ్చింది, టెస్టుకి ఎలా పంపింది, జవాబు వచ్చిన రోజు బాత్రూములో ఎంతసేపు కూర్చుంది. నాలుగు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. తల్లి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించి, కళ్ళార్పకుండా చూస్తోంది.

"వింటున్నావా?"

"వింటున్నాను."

"మరి ఊఁ అనవేం?"

"అంటే దేన్నని అనుకుంటావో అని."

"నువ్వు ఊఁ అనకపోతే నాకు మాట రాదమ్మా. ఇంటర్వ్యూలో ఉన్నట్టుంది."

"ఊఁ," అంది టీచరమ్మ.

పిల్ల మళ్ళీ అందుకుంది. ఈసారి ఆవిడ ప్రతి మాటా విన్నాకే ఊఁ అంది. అర్థం కాని చోట అనకుండా, అర్థం కాలేదంది. అలా చెప్పడం ఇంత తేలికైతే తన క్లాసులో ఒక్క పిల్లా ఎందుకు చెప్పలేదో అనుకుంది. పావుగంటలో సంగతంతా అయిపోయింది. నాలుగూ పది.

"ఇప్పుడు చెప్పు. గైడ్‌గారికి చెప్పెయ్యనా, ఇచ్చెయ్యనా?"

"చెప్పు," అంది టీచరమ్మ. రెండో రకం అనుకుంటుందేమోనని భయపడి మళ్ళీ అంది. "ఆయనకి చెప్పు. ఇప్పుడే వెళ్ళి చెప్పు."

"మూడేళ్ళు పోతాయి."

"పోతాయి."

"మీ చుట్టాలందరూ అడుగుతారు."

"నేనున్నానుగా. వాళ్ళందరికీ ఊఁ అంటాను."

కూతురి మొహంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. టెస్టు కాగితం తీసుకుని, థీసిస్‌లు అక్కడే వదిలేసి, వరండా చివర గైడ్ గదిలోకి వెళ్ళింది. టీచరమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. పిల్ల గొంతు సన్నగా వినబడుతోంది కానీ మాటలు తెలియడం లేదు. చాలాసేపు ఆ గొంతొక్కటే. తరవాత ఆయన గొంతు, ఒక్కసారి.

"ఊఁ."

టీచరమ్మ చెవులు రిక్కించింది. చిన్నది, కిందనుంచి పైకి లేచింది, అవతలి మాట పూర్తయ్యాక వచ్చింది. రెండో రకం. స్టెనోగారు కూడా రెండే వేస్తాడు. ఆవిడ వెనక్కి జారగిలబడి, మెడలో ఇంకా ఉన్న హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది.

అరగంట తరవాత కూతురు బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫ్రీజరులో ఉన్న సీసాలన్నీ టెస్టుకి పంపాలట, ముందు ఆ సంగతి సైన్సు పత్రికలో రాయాలట, అదీ ఒక పరిశోధనేనట. థీసిస్ మాత్రం మళ్ళీ మొదట్నుంచీ, తక్కువలో తక్కువ రెండేళ్ళు. టీచరమ్మ విని ఊఁ అంది.

ఇద్దరూ సంచీ కోసం పిల్ల బల్ల దగ్గరికి వెళ్ళారు. కాగితాల వెనక, పెన్నులూ గుండుసూదులూ వేసుకున్న స్టీలు మూత ఉంది. టీచరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. సొట్ట కూడా ఆ చోటే ఉంది.

"ఇది ఇక్కడుందని చెప్పొచ్చు కదే."

"చెప్పానమ్మా," అంది కూతురు. "నువ్వు అడగ్గానే చెప్పాను. ఊఁ అన్నావు."