ఆపమన్నా ఆగని బొమ్మ

మా చిన్నొదిన ఎరానా మెత్తటి మనిషేమీ కాదు. ఏప్రిల్ వచ్చిందంటే మా అందరితోపాటు పడవెక్కి దీవికి వస్తుంది. తిండి కోసం తీతీ అనే సముద్రపక్షుల్ని బొరియల్లోంచి లాగి మెడలు విరుస్తుంది, ఈకలు పీకుతుంది, ఉప్పు పట్టించి బకెట్లకెత్తుతుంది. అందుకే ఆ మధ్యాహ్నం మా పెద్దన్నయ్య హోని ఆమెను పిరికిదానా అన్నప్పుడు, వింటున్న మాకెవరికీ నవ్వు రాలేదు.

దీవి నుంచి మా ఊరు బ్లఫ్‌కు తిరిగొచ్చిన కొత్తలో జరిగిందిది. హోని కొడుకు పుట్టినరోజు. బయట ఒకటే వాన. చిన్నన్నయ్య ఆయిస్టర్ గుల్లలు పట్టే పడవ మీద వేటకు వెళ్లాడు. పిల్లలందరినీ కారు షెడ్డులో కూర్చోబెట్టి, గోడకు దుప్పటి కట్టి, హోని సినిమా వేశాడు. బొమ్మల సినిమానే, పిల్లల కోసం తీసిందే. సముద్రం అడుగున ఉండే కళ్లులేని ముసలిది పిల్లల గొంతులు దొంగిలిస్తూ ఉంటుంది.

ఎరానా కూతురు హినేవైకి అప్పటికింకా మూడేళ్లు నిండలేదు. తల్లి ఒళ్లో కూర్చుని చూస్తోంది. తెర మీద ముసలిది ఒక కుర్రాడి తల్లిని జుట్టు పట్టుకుని నీళ్లలోకి ఈడ్చుకుపోయింది. పెద్దపిల్లలు కెవ్వుమని అరిచి, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుకున్నారు. హినేవై మాత్రం తెర వైపు చెయ్యి చాపి, "ఆపు" అంది. కాస్త గట్టిగా మళ్లీ, "ఆపు!" అంది. ముసలిది ఆగలేదు. పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. తల్లి ఒడి తడిసింది.

ఎరానా పిల్లను భుజానేసుకుని లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు హోని.

"ఇంటికి, బావగారూ."

"బొమ్మల సినిమాకే? పిరికిదానా! మొన్న దీవి మీద నీ కూతురు చచ్చిన పక్షుల మధ్య కూర్చుని ఈకలతో ఆడుకోలేదూ? అప్పుడు రాని భయం ఇప్పుడొచ్చిందా?"

మా ఇంట్లో హోనికి ఎదురుచెప్పినవాళ్లు లేరు. ఎరానా గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"అక్కడ పక్షి నా చేతిలో ఉంది. ఎందుకు చంపావని పిల్ల అడిగింది, చెప్పాను. మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. ముట్టుకుని చూసింది, విసుగుపుట్టి రాళ్లేరుకోడానికి పోయింది. ఇక్కడ దానికెవరు చెప్తారు? ఆపు ఆపు అని మొత్తుకుంటే ఆగిందా మీ ముసలిది?"

"చిన్నప్పుడు మేం వినలేదా దెయ్యాల కథలు?"

"విన్నారు, అత్తయ్య ఒళ్లో. మీరు ఏడుపు మొహం పెడితే అత్తయ్య కథ మార్చేసేది. ఆవిడే చెప్పింది నాకు."

అమ్మ తల దించుకుని కప్పులు సర్దింది. తర్వాత, "కేకు కొయ్యకముందే వెళ్తే బాగుండదమ్మా," అని గొణిగింది.

"బాగుండకపోతే పోనీ అత్తయ్యా. సినిమా ఆపమనట్లేదు నేను. పెద్దపిల్లలకు భయపడటం సరదా, చూడనివ్వండి. నా పిల్లకు మాత్రం వద్దు."

వానలోకి వెళ్లిపోయింది. కేకు మీద ఆశ ఉన్నా నేనూ లేచి ఆమె వెనకే నడిచాను. "ఇద్దరికిద్దరూ సరిపోయారు!" అని హోని వెనక నుంచి అరిచాడు.

ఆ రోజు నుంచి హినేవై స్నానాల తొట్టి దగ్గరికి రానంది. నీళ్ల చప్పుడు వింటే చాలు, రెండు చేతులతో గొంతు మూసుకునేది. తడిగుడ్డతో ఒళ్లు తుడవాల్సి వచ్చింది.

ఆ ఆదివారం హోని, వేయించిన రొట్టెలు పట్టుకుని, ఎరానా ఇంటికి వచ్చాడు. "ఇంకా అలకేనా? పిల్లల్ని మరీ ఇంత సుకుమారంగా పెంచితే ఎలా?" అంటూ కుర్చీలో కూర్చోబోయాడు.

ఎరానా తువ్వాలు తెచ్చి అతని భుజాన వేసింది. "ఇవాళ స్నానం మీరు చేయించండి."

"ఓస్, అంతేనా!"

తొట్టిలో నీళ్లు వదిలి హోని పిల్లను ఎత్తబోయాడు. పిల్ల అతని చొక్కా పట్టుకుని పెట్టిన కేకకు పక్కింటి కుక్క మొరిగింది. "ఏముందే తల్లీ? ఏమీ లేదు!" అన్నాడు.

"ఉంది. అడుగున."

"అదంతా ఉత్తిదే."

పిల్ల నమ్మలేదు. చివరికి అంత పెద్ద మనిషీ బట్టలతోనే తొట్టిలో దిగి కూర్చున్నాడు. నీళ్లు పొర్లి గది నిండా పారాయి. "చూడు, అడుగంతా నేనే. ముసలిదానికి చోటెక్కడే?"

హినేవై తొట్టి అంచు పట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. వాళ్లమ్మనెందుకు లాగింది? దానికి కళ్లేవి? మళ్లీ వస్తుందా? ఒక్కోటీ మళ్లీ మళ్లీ అడిగింది. హోని జవాబు చెప్తూనే ఉన్నాడు. నీళ్లు చల్లారి అతని పళ్లు టకటకలాడుతుంటే, పిల్ల ఒక కాలు మాత్రం నీళ్లలో పెట్టి, గబుక్కున తీసేసింది. ఆ రోజుకు అంతే.

ఒళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చిన హోని క్షమించమని అడగలేదు. అది అతని నోట రాదు. "వచ్చే నెల మళ్లీ సినిమా వేస్తున్నా. అందులోనూ దెయ్యాలున్నాయి," అన్నాడు.

"వెయ్యండి. మేం రాం."

"మొండిదానివి."

"అవును," అని ఎరానా టీ కప్పు అతని చేతికిచ్చింది.