గరిటెడు పాలు

పెళ్ళయిన నలభయ్యో రోజున కేతకి చేతికి సమ్మెట వచ్చింది.

వంటింట్లో పాత గట్టు పగలగొట్టాలి. మోకాలెత్తు గట్టు అది. దాని మీద ముప్పై ఏళ్ళ మసి, పగుళ్ళలో బొద్దింకల కాపురాలు. దాని ముందు వంగి వంగి వంట చేసి అత్తగారు హౌసాబాయి నడుము విల్లులా అయిపోయింది. పగలగొట్టడానికి వేరే కూలీ దండగని కేతకే కొంగు దోపి దిగింది. మొదటి దెబ్బ జంకుతూ వేసింది. రెండో దెబ్బకి ఇటుక పగిలి ఎర్ర దుమ్ము ముఖాన కొట్టింది. మూడో దెబ్బ నుంచి ఇక ఆగలేదు. పగలగొట్టడంలో ఇంత సుఖం ఉందని కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

"గట్టుని కొడుతున్నావా, నన్ను తలుచుకుని కొడుతున్నావా?" అంది గుమ్మంలో కూర్చున్న హౌసాబాయి.

"మిమ్మల్ని తలుచుకుంటే ఒక్క దెబ్బకే అయిపోయేది ఆయీ."

"నోరు చూడు దీనిది," అని ముసలావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

చేతిలో ఉన్నదల్లా భర్త సంగ్రామ్‌కి బెల్లం మండీలో వచ్చిన దీపావళి బోనసు. గ్రానైటు ఊసెత్తే పని లేదు. నల్ల కడప బండ ఒకటి, మూల కొంచెం విరిగిందని తక్కువకి ఇచ్చారు. గోడకి నీలం టైల్సు దుకాణంలో మిగిలిపోయిన ముక్కలు, గోనెసంచీ నిండా. అలమరకి పాత తలుపు చెక్క. కూల్చేసిన హోటల్లోంచి వచ్చిన ఇత్తడి కుళాయిని కేతకి చింతపండుతో తోమితే బంగారంలా తేలింది. రోజుకి పదిసార్లు దాన్ని తిప్పి చూసుకునేది, ఇంకా నీళ్ళ గొట్టం తగిలించకుండానే.

"అహో, చూడండి, ఎంత మెత్తగా తిరుగుతోందో."

"నీళ్ళు వచ్చాక చూపించు," అనేవాడు సంగ్రామ్. పేరు యుద్ధమే గానీ చీమని చూస్తే పక్కనుంచి నడిచే మనిషి.

బుధవారం నాటికి తాపీమేస్త్రీ దత్తోబా మూడు ఇటుక దిమ్మెలు నడుమెత్తు లేపాడు. సిమెంటు ఇంకా తడిగా ఉండగానే సంగ్రామ్ అన్న ఉదాజీ వచ్చాడు. ఒకప్పుడు ఊరి కుస్తీ తాలీములో పేరున్న మల్లుడు. నలిగి ముద్దయిన చెవులు, దున్న మెడ. లోగిట్లో ముందుగది అతనిది. వెనక వంటింటి తలుపు సందులోకి తెరుచుకుంటుంది కాబట్టి దాన్ని దుకాణంగా అద్దెకిచ్చుకోవాలని అతని ఆశ. వస్తూనే మధ్య దిమ్మెని కాలితో తన్నాడు. తడి ఇటుకలు నేలంతా దొర్లాయి.

"దాదా, నాన్న పోయే ముందు వంటిల్లు నాకన్నాడు," అన్నాడు సంగ్రామ్.

చెంప మీద పడ్డ దెబ్బకి అతను వెళ్ళి గోడకి కొట్టుకున్నాడు. కొత్త సున్నం మీద ముక్కు నెత్తురు చుక్కలు పడ్డాయి.

"నాన్న అన్నాడా? ఎవరు విన్నారు?" ఉదాజీ తల్లి వైపు తిరిగాడు. "చెప్పు ఆయీ, విన్నావా?"

సంగ్రామ్ కాక విన్నది ఆవిడ ఒక్కతే. కాగితం లేదు. హౌసాబాయి ఎప్పటిలాగే నేల చూసింది. "మీరూ మీరూ అన్నదమ్ములు. మీరే చూసుకోండి."

"చూసుకుంటాం. పాలు పొంగించే రోజున వస్తా. పొంగకముందే మీ గట్టు పొడి చేస్తా."

ఆ లోగిట్లో కాగితం కంటే పాలకే విలువ. కొత్త గట్టు మీద ఎవరి పాలు పొంగితే ఆ గది వాళ్ళది. చుట్టుపక్కల నాలుగు గుమ్మాల ఆడవాళ్ళు చూస్తే చాలు, తర్వాత ఎవరూ నోరెత్తరు. పొంగకుండా ఆగిపోతే అంతే సంగతులు. కేతకి, సంగ్రామ్ సామాను కట్టుకుని అద్దె గది వెతుక్కోవాలి, హౌసాబాయి ఏ కొడుకు గుమ్మంలో అన్నం తినాలో ఉదాజీ చెబుతాడు.

దత్తోబా దిమ్మె మళ్ళీ కట్టాడు. శుక్రవారం పొద్దున్నే బండ ఎక్కించాడు. "మూడు రోజులు దీని మీద చెయ్యి కూడా పెట్టకండి," అన్నాడు.

"ఇప్పుడే పాలు పెడుతున్నాం మామా," అంది కేతకి.

"నా మాట వినే ఇల్లు ఈ ఊళ్ళో ఒకటైనా కట్టానా?" అని అతను తాపీ కడుక్కున్నాడు.

గేదెల్ని కట్టి అమ్మే పాలకట్ట దగ్గర అప్పుడే పితికిన గేదెపాలు అరలీటరు తెచ్చాడు సంగ్రామ్. నాలుగు గుమ్మాల ఆడవాళ్ళు వచ్చి సందు వైపు కిటికీ దగ్గర నిలబడ్డారు. కేతకి తలుపు గడియ పెట్టింది. పొయ్యి మీద పుట్టింటివాళ్ళు పెట్టిన పెద్ద ఇత్తడి గిన్నె పెట్టింది. దానికి పసుపు, కుంకుమ, మెడలో మామిడాకు. తన గిన్నె, తన పొయ్యి, తన గట్టు. నడుం వంచక్కర్లేకుండా నిలబడి పాలు పొయ్యడం ఎంత బాగుందో. పాలు పోసి రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయింది.

హౌసాబాయి గిన్నెలోకి తొంగి చూసింది. "పిచ్చిదానా, పెళ్ళిభోజనాల గిన్నెలో అరలీటరా? ఇవి పొంగి అంచు దాటడానికి దసరా రావాలి."

కేతకి మంట పెద్దది చేసింది. అప్పుడే తలుపు మీద మొదటి దెబ్బ పడింది.

రెండో దెబ్బకి గడియ ఊడి ఎగిరింది. ఉదాజీ చేతిలో సమ్మెట. పాత గట్టు పగలగొట్టాక కేతకి బయట గోడకి చేరేసిన సమ్మెటే అది. అడ్డం వచ్చిన దత్తోబాని ఒంటి చేత్తో గుమ్మం పక్కనున్న ఇసక కుప్ప మీదకి విసిరేశాడు. మేస్త్రీ తల గుమ్మానికి తగిలి, కనుబొమ్మ చిట్లి, కన్ను కనిపించకుండా నెత్తురు కారింది.

"పక్కకి జరుగు కేతకీ. ఆడదాని మీద చెయ్యెత్తను."

"అయితే సమ్మెట దించండి," అంది కేతకి. పొయ్యి ముందు నుంచి కదల్లేదు.

అతను సమ్మెట ఎత్తాడు. సంగ్రామ్ పరుగున వచ్చి రెండు చేతులా కర్ర పట్టుకున్నాడు. ఉదాజీ అతన్ని కర్రతో సహా ఊపి గోడకేసి కొట్టాడు. వేళ్ళు కర్రకీ గోడకీ మధ్య నలిగిన చప్పుడు కిటికీ దాకా వినిపించింది. అయినా సంగ్రామ్ వదల్లేదు. సమ్మెట గురి తప్పి బండ చివర పడింది. నల్ల బండ మీద సన్నటి తెల్లగీత మెరుపులా అడ్డంగా పాకింది. గిన్నె ఒక్కసారి ఎగిరి మళ్ళీ పొయ్యి మీదే కూర్చుంది.

ఆ గీత చూశాక సంగ్రామ్‌కి ఏమైందో. పుట్టి ఇరవై ఎనిమిదేళ్ళలో ఏనాడూ అన్న మీద చెయ్యెత్తనివాడు తలతో అన్న మూతి మీద గుద్దాడు. ఉదాజీ పెదవి చీలింది. ఒక్క క్షణం అతను ఆశ్చర్యంగా నెత్తురు నాకి చూసుకున్నాడు. తర్వాత సమ్మెట పారేసి తమ్ముడి మెడని మోచేతి వంపులోకి తీసుకున్నాడు. తాలీములో ఎంతమందిని అలా పడుకోబెట్టాడో ఆ పట్టు.

ఇద్దరూ టైల్సు సంచీ మీద పడ్డారు. సంచీ చిరిగి నీలం ముక్కలు చెల్లాచెదురయ్యాయి. సంగ్రామ్ కాళ్ళు వాటి మీద కొట్టుకుని కోసుకుపోతున్నాయి. ముఖం ఎర్రబడింది, ఆ ఎరుపు నల్లబడుతోంది.

"వదలండి, చచ్చిపోతాడు," అంది కేతకి.

"వంటిల్లు నాదని చెప్పమను. వదులుతా."

వెనక పాలు లేస్తున్నాయి. కేతకి చూసింది. పెద్ద మంటకి తెల్లటి నురగ ఆ పెద్ద గిన్నెలో సగానికి వచ్చింది, ఇంకా పైకి వస్తోంది. అంచుకి నాలుగు వేళ్ళ దూరం. ఆడవాళ్ళంతా కిటికీ ఊచలకి ముఖాలు ఆనించారు. మూడు వేళ్ళు. సంగ్రామ్ నలిగిన చెయ్యెత్తి ఆమెకి పొయ్యి చూపించాడు. పాలు చూడు, అని. ఆ చెయ్యి అలాగే వాలిపోయింది.

కేతకి గుడ్డ కోసం వెతకలేదు. గిన్నెని ఉత్త చేతులతో ఎత్తి ఉదాజీ వీపు మీద కుమ్మరించింది.

అతని అరుపుకి కిటికీ దగ్గర ఎవరిదో పసిబిడ్డ గుక్కపట్టింది. పట్టు వదిలి, చొక్కా చింపుకుంటూ నేల మీద దొర్లాడు. వీపు మీద చర్మం తెల్లగా ఉబ్బి, మీగడలా ముడతలు పడింది. సంగ్రామ్ దగ్గాడు, ఊపిరి లాగాడు, మళ్ళీ దగ్గాడు. నోట్లోంచి ఒక పన్ను జారి పడింది.

కేతకి అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి. ఆ చేతులతోనే సమ్మెట అందుకుంది. ఉదాజీ మోకాలు ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. ఇటుక పగిలితే చేతికి ఎలా తెలుస్తుందో ఆమెకి తెలుసు. ఎత్తింది. మొదటి దెబ్బకి ఎప్పుడూ ఉండే ఆ జంకు మళ్ళీ వచ్చింది.

"కేతకీ, దించు," అంది హౌసాబాయి.

ముసలావిడ లేచి నిలబడింది. దొర్లిన గిన్నె తీసింది. అడుగున నాలుగు గుక్కల పాలు మిగిలాయి. గోడకి వేలాడుతున్న చిన్న పోపు గరిటె అందుకుని ఆ పాలు అందులోకి వంచింది. గరిటె నిండింది. పగిలిన బండ ముందుకి నడిచి, మంట మీద పట్టుకుంది.

"ఆయీ, ఏం చేస్తున్నావ్?" అన్నాడు ఉదాజీ పళ్ళ మధ్య నుంచి.

"ముప్పై ఏళ్ళు నేల చూస్తూ వండాను. ఇవాళ నిలబడి చూస్తున్నా." ఆవిడ కిటికీ వైపు తిరిగింది. "అందరూ వినండి. మా ఆయన పోయే ముందు ముందుగది పెద్దోడికి, వంటిల్లు చిన్నోడికి అన్నాడు. విన్నది నేను. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నదీ నేనే."

గరిటెలో పాలు పొంగడానికి ఎంతసేపు. నురగ లేచింది, అంచు దాటింది, మంట మీద పడి సుయ్యిమంది, ఆ తెల్లగీత వెంట బండ మీద పారింది. కిటికీలో ఒకావిడ చేతులు జోడించింది. మిగతా వాళ్ళూ జోడించారు.

ఉదాజీ గోడ పట్టుకుని లేచాడు. తల్లి అతని వీపు చూసి, తన కొంగు నీళ్ళలో తడిపి కప్పింది.

"నీ అన్నం ఈ వంటింట్లో ఎప్పుడూ ఉంటుంది రా. తిని వెళ్ళాలి. అంతే," అంది.

అతను వెళ్ళిపోయాడు. ఆసుపత్రికే వెళ్ళాడని సాయంత్రం తెలిసింది.

సంగ్రామ్ వేళ్ళకి కట్లు, కేతకి రెండు అరచేతులకీ కట్లు, దత్తోబా కనుబొమ్మకి నాలుగు కుట్లు. మర్నాడు ముగ్గురూ బండ ముందు నిలబడ్డారు.

"పగులు కింద ఇంకో దిమ్మె కడితే నిలుస్తుంది," అన్నాడు దత్తోబా. "ఇటుకలు కావాలి. ఉన్నాయా డబ్బులు?"

"పాత గట్టువి బయట కుప్పగా ఉన్నాయి మామా. నేనే పగలగొట్టాను, ఏవి బాగున్నాయో నాకు తెలుసు."

దత్తోబా కుళాయికి గొట్టం తగిలించాడు. కేతకి చేతులు పనికిరావు కాబట్టి మోచేత్తో తిప్పింది. కుళాయి దగ్గింది, తుప్పునీళ్ళు కక్కింది, తర్వాత ధార తెల్లగా పడింది.

"అహో, చూశారా?"

"చూశాను," అన్నాడు సంగ్రామ్. పన్ను పోయిన సందులోంచి మాట ఈలలా వచ్చింది. అతను ఎడమచేత్తో ఆ నీళ్ళు పట్టి ఆమె ముఖాన చల్లాడు.