కుట్టు లోపలి గుడ్డ

భార్యకు జాకెట్టు కుట్టినప్పుడల్లా దర్జీ పక్కకుట్ల లోపల రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలేవాడు. అది బిగుతవుతోందని తోచగానే చడీచప్పుడు లేకుండా దుకాణానికి పట్టుకుపోయి, ఆ కుట్టు విప్పి కాస్త వదులుగా ఇంకోటి వేసి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టేసేవాడు.

"చూశారా, ఎప్పటి జాకెట్టో! ఇప్పటికీ అతికినట్టుంది," అని ఆమె అద్దం ముందు మురిసిపోయేది.

"మరే," అనేవాడు. అంతకు మించి అబద్ధమాడే ధైర్యం లేదు పాపం.

మరదలి నోటికి మాత్రం గడియ లేదు. ఒకసారి వచ్చీ రాగానే, "అక్కా, నువ్వు కూర్చుంటే కుర్చీ కుయ్యోమంటోంది. ఇలాగే తింటే రేపు నిన్ను దొర్లించుకుపోవాలి!" అంది.

"నోర్ముయ్యవే! ఊరందరినీ కొలిచే మనిషి నా మొగుడు. ఆయనకి తెలీంది నీకు తెలిసిందా? ఏమండీ, నేను లావయ్యానా?"

"చెప్పు బావా, దేవుడి మీద ఆన!"

దర్జీ మెళ్ళో టేపు సవరించుకున్నాడు. "కొలత... కొలతలాగే ఉంది," అని నసిగాడు.

మరదలు విసవిసా వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

తర్వాత తర్వాత భార్యకి మెట్లెక్కితే ఆయాసం, దిగితే మోకాళ్ళ నొప్పి. డాక్టరమ్మ చూసి, "మోకాళ్ళేం చేస్తాయమ్మా, మోసే బరువు అలా ఉంటే? రక్తంలో చక్కెర కూడా హద్దు దాటింది. ఇంట్లో ఎవరూ చెప్పలేదా?" అంది.

భార్య మెల్లగా మొగుడి వైపు తిరిగింది. ఆస్పత్రి నుంచి తిన్నగా దుకాణంలోకి నడిచి టేపు అతని చేతిలో పెట్టింది.

"కొలవండి. పైకి చదవండి."

చదివాడు. ఆమె మొహం మాడిపోయింది.

"అలా మొహాన కొట్టినట్టు చెప్పాలా?"

"నువ్వేగా చదవమన్నావు!"

 కుట్టు మార్చడానికని అతను తెచ్చుకున్న ఆమె జాకెట్టు మిషను పక్కన కనిపించింది. తిరగేసి చూసింది. విప్పిన పాత కుట్ల చిల్లులు వరసలు వరసలుగా ఉన్నాయి.

"ఇన్నిసార్లా? దీని మాట నమ్మి చెల్లెలితో మాటలు మానేశానే!"

దర్జీ తల దించుకున్నాడు. నిజం పలకమన్నదీ దేవుడే, ఒకరి మనసు నొప్పించకన్నదీ ఆ దేవుడే. రెండింటికీ కలిపి ఒక్క నోరే ఇచ్చాడు. మరదలు నిజమే చెప్పింది, ఇంటికి దూరమైంది. తను మెత్తగా ఊరుకున్నాడు, జబ్బు ఇంట్లోకొచ్చి కూర్చుంది. ఇందులో తప్పెవరిదో అతనికి ఎంతకీ తెగలేదు.

"అద్దం ముందు నవ్వుతావు కదా," అన్నాడు చివరికి. "ఆ నవ్వు పోతుందేమోనని. మెట్ల మీద ఆగి నువ్వు గోడ పట్టుకుంటే మాత్రం ప్రాణం గిలగిల్లాడేది."

"ఆ ముక్క చెప్పచ్చుగా! లావు సంగతి ఎవరు చెప్పమన్నారు?"

దర్జీ తెల్లబోయాడు. అలా కూడా చెప్పవచ్చని తోచనే లేదు. చెప్పి ఉంటే మాత్రం వినేదా? అదీ తెలీదు.

ఆమె ఫోను తీసింది. "ఏమే, నువ్వన్నది నిజమేనట. నీ నోరు పడిపోను, కాస్త మెల్లగా అనుంటే వినేదాన్ని కదటే! సరే, రేపొచ్చి నాతో నడు."

ఫోను పెట్టేసి జాకెట్టు అతని ఒళ్ళో పడేసింది. "దీన్ని ఇక వదులు చెయ్యకండి."

"సరే."

రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. "వేసుకుంటే ఊపిరాడాలిగా? ఒక్క కుట్టు విప్పండి."

"విప్పనా, వద్దా?"

"విప్పండి. నా కళ్ళముందు విప్పండి."

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. దర్జీ బ్లేడు తీసి, ఆమె మొహంలోకి చూసి, ఏమీ అర్థం కాక, మొదటి పోగు తెంపాడు.